అతుకు గొంతు

డబ్బింగ్‌కి కొత్తగా వచ్చేవాళ్లు మొదటిరోజు ఏం జాగ్రత్తలు తీసుకోవాలని నన్ను అడుగుతుంటారు. నేను చెప్పేవి నాలుగు. గంజి పెట్టిన చొక్కా వేసుకోవద్దు, చెయ్యి కదిపినప్పుడల్లా అదీ మాట్లాడుతుంది. ఖాళీ కడుపుతో రావద్దు, మైకు మన డైలాగు కంటే ముందు మన ఆకలిని పట్టుకుంటుంది. తాళాలు, చిల్లర బయట పెట్టి రావాలి. కాగితం తిప్పాల్సి వస్తే మాట ఆపి తిప్పాలి. ఈ నాలుగూ పాటిస్తే మొదటిరోజు ఎవరూ తిట్టరు.

తిట్లు తప్పించుకోవడం నాకు బాగా వచ్చు. నా వృత్తి జీవితం పాడైంది కూడా దానివల్లేనని ఇప్పుడు అనిపిస్తుంది. గొంతుతో బతుకుదామని వచ్చినవాణ్ణి, ఈరోజు స్టూడియో అద్దానికి ఇవతల సౌండ్ ఎడిటర్ కుర్చీలో కూర్చున్నాను. ముప్పై నిండకుండానే ఒక వృత్తి నుంచి రిటైరయ్యానంటే నవ్వుతారు. నవ్వినా ఫర్వాలేదు, ఎలా రిటైరయ్యానో మాత్రం వినండి. నేను చేసిన పొరపాటు సోమరులు చేసేది కాదు. శ్రద్ధగా పని నేర్చుకునేవాళ్లే చేసేది.

మాది అబిడ్స్. పెద్ద పోస్టాఫీసు వెనక సందులో నాన్నకు కళ్లద్దాల దుకాణం ఉంది. తాత కాలం నుంచీ ఈ ఊరివాళ్లమే. స్కూల్లో నేను పాఠం పైకి చదివితే ప్రతి టీచరూ రెండు మాటలు అనేవారు. ఒకటి, “గొంతు బాగుందిరా.” రెండోది, “భాష కొంచెం సరిచేసుకో.” ఎందుకో గాని నాకు మొదటిదాని కంటే రెండోదే ఎక్కువ గుర్తుండేది. తర్వాత పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. అక్కడ నేర్చుకున్నది ఒకటే: ఏ యంత్రాన్నయినా భాగాలుగా విడదీస్తే అది ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. మనిషి గొంతు కూడా అంతేననుకున్నాను.

మా స్టూడియో నాంపల్లి స్టేషన్ పక్క గల్లీలో, ఒక లాడ్జి పైన. హిందీ సీరియళ్లను తెలుగులోకి మార్చేవాళ్లం. గోడలకు ఎంత దూది దట్టించినా రైలు కూత లోపలికి వచ్చేది. కూత వినగానే అందరం ఆగి, అది వెళ్లేదాకా నోళ్లు మూసుకుని ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం. కొత్తవాళ్లందరినీ క్రౌడ్‌లో వేస్తారు. పెళ్లి సీన్లో, అంగడి సీన్లో, యుద్ధం సీన్లో గుంపుగా వినిపించే గోల మాదే. కొత్తవాడు మైకుకు అందరికంటే దూరంగా నిలబడాలి. ఒక్కో అడుగూ ముందుకు రావడమే ప్రమోషన్.

క్రౌడ్‌కి డైలాగులు రాసివ్వరు. సీన్ చూసి నోటికి వచ్చింది అనాలి. నా మొదటిరోజు సీన్లో కోటలో రాజుగారు గుండె పట్టుకుని కూలిపోయారు. నా నోటికి వచ్చింది, “అరె, ఏమైందిరా భై!”

రికార్డింగ్ ఆగింది. స్పీకర్లోంచి మా డబ్బింగ్ ఇన్‌చార్జి గొంతు వినిపించింది. ఆమెను అందరం అక్క అనేవాళ్లం.

“ఎవరు తమ్మీ అది? గిది రాజస్థాన్ కోట. నాంపల్లి బస్టాండ్ల ఎవలో పడిపోయినట్టు ఒర్లితివి.”

గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. అక్క మనసులో ఏమీ లేదు, రోజుకు ఒక్కరినైనా అలా ఆటపట్టించేది. కాని నేను ఆ రాత్రంతా ఆ మాటే నెమరేసుకున్నాను. తప్పు దొరికింది కాబట్టి సరిచేయాలి. సరిచేయాలంటే ముందు ఒక నమూనా కావాలి.

నమూనా మా స్టూడియోలోనే ఉంది. మా అందరికంటే పెద్ద కళాకారుడు. మేము ఆయన్ని పెద్దాయన అనే పిలిచేవాళ్లం. వాళ్ల నాన్నగారు ఉద్యోగరీత్యా కృష్ణా జిల్లా నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డారట. మా పెద్ద సీరియల్లో తాతగారి పాత్రకు గొంతు ఆయనదే. ఆయన “బాబూ” అంటే చాలు, ఆ చివరి అక్షరం గదిలో కాసేపు నిలబడి, తర్వాత కూర్చునేది. మైకు ముందుకు వెళ్లేముందు శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, “ఏమయ్యా పిల్లలూ, రైలుందా ఇప్పుడు?” అని అడిగేవారు.

నేను ఆయన గొంతును విడదీశాను. వాక్యం ఎంత ఎత్తులో మొదలవుతుంది, ఎక్కడ దిగుతుంది, ఏ అక్షరం దగ్గర ఊపిరి తీసుకుంటారు, కోపం వస్తే వేగం పెరుగుతుందా తగ్గుతుందా (తగ్గుతుంది), నవ్వు ముక్కులోంచి వస్తుందా గొంతులోంచా. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వారపత్రికలు కొనుక్కుని, కథలన్నీ ఆయన చదివినట్టు చదివేవాణ్ణి. ఆయనకు ఈ సంగతి తెలిసి సంబరపడ్డారు. మధ్యాహ్నాలు కిందకు తీసుకెళ్లి చాయ్ ఇప్పించి, “పెదవులతో కాదయ్యా, పొట్టతో పలుకు” అని సరిదిద్దేవారు. నిజానికి అంత ఓపికగా నాకు చెప్పినవాళ్లు ఇంకెవరూ లేరు. ఈ కథలో ఆయన్ని తప్పుపట్టే వాక్యం ఎక్కడైనా మీకు కనిపిస్తే అది నా రాతలో లోపం.

ఒకరోజు ఆయన ఊళ్లో లేనప్పుడు ఎపిసోడ్ ఛానల్‌కి వెళ్లిపోవాల్సి వచ్చింది. ముందే రికార్డు చేసిన తాతగారి డైలాగు ఒకటి పాడైంది. ఆయన దగ్గు అడ్డం పడింది. అక్క తల పట్టుకుంది. నేను చెయ్యెత్తాను.

“నువ్వా?” అంది అక్క. “గాయన గొంతెక్కడ, నువ్వెక్కడ? సరే రా, మునిగేదేమున్నది.”

ఒక్క టేకులో అయిపోయింది. అక్క రెండుసార్లు విని, “ఇంతకు ఏది గాయన చెప్పింది, ఏది నువ్వు చెప్పింది?” అని అడిగింది. మా భాషలో దీన్ని ప్యాచ్ అంటారు, చిరిగినచోట వేసే అతుకు. అతుకు కనపడకపోతేనే పనితనం. ఆ రోజు నా అతుకు కనపడలేదు. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

అప్పటి నుంచి ఎవరి గొంతు ఎక్కడ చిరిగినా నన్నే పిలిచేవారు. విలన్‌కి జలుబు చేస్తే నేను. పూజారి పాత్రధారి ఆటో దొరక్క ఆలస్యమైతే నేను. నా పేరు పోయి ప్యాచ్ అయింది. “ప్యాచ్ వచ్చిండా?” “ప్యాచ్‌ని పిలువుండ్రి.” క్రౌడ్‌లో నా పక్కన నిలబడే కుర్రాడొకడు ఉండేవాడు, తమ్ముడూ అని పిలిచేవాణ్ణి. పొద్దున బైక్ ట్యాక్సీ నడిపి మధ్యాహ్నం స్టూడియోకి వచ్చేవాడు. వాడు, “అన్నా, నీ బ్యాంకుల అందరి గొంతులున్నయి. నాకొక్కటి అప్పియ్యరాదే” అనేవాడు. వాడికి తెరమీది పెదవులకు కలిపి చెప్పడం వచ్చేది కాదు, పదాల చివర్లు మింగేసేవాడు, సీన్ మధ్యలో నవ్వేవాడు. వాణ్ణి చూసి జాలిపడేవాణ్ణి.

పెద్దాయన తిరిగి వచ్చి నా ప్యాచ్ విన్నారు. తర్వాత భుజం తట్టి, “నువ్వు నాకంటే బాగా నేనైపోతున్నావయ్యా. కాస్త చూసుకో” అన్నారు. నాకు మొదటి వాక్యమే వినిపించింది. ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. మొదటి వాక్యమే చెప్పాను.

తర్వాతి ఎండాకాలంలో కొత్త సీరియల్ వచ్చింది. అందులో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడి పాత్ర ఉంది. హీరో కాదు గాని, ప్రతి ఎపిసోడ్‌లో ఉంటాడు. ఛానల్ వాళ్లు కొత్త ఆలోచన చేశారు: తెలుగులో ఈ కుర్రాడు అచ్చంగా హైదరాబాద్ కుర్రాడిలా మాట్లాడాలి. పుస్తకం భాష వద్దు. అక్క ఆ కబురు మోసుకుంటూ క్రౌడ్ గదిలోకి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“ఇగో, నేను నీ ఒక్కని పేరే ఇచ్చిన. అబిడ్స్ల పుట్టినవ్, దుకాణంల పెరిగినవ్. గా పిలగాడు నువ్వే. గిది ఒడిసి పట్టుకున్నవనుకో, ఇగ నిన్ను ప్యాచ్ అని ఎవ్వడు అనడు. ఇడిసిపెట్టినవనుకో, ఛానలోళ్లు ఒకసారి వద్దన్న గొంతుని మల్ల పిలువరు. సమజైందా?”

బాగా అర్థమైంది. ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లూ ఇంకొకరి పేరు మీద వెళ్లిన నా గొంతు మొదటిసారి నా పేరు మీద వెళ్తుంది. ఛానల్ వాళ్ల వాయిస్ టెస్టుకి నాలుగు రోజులుంది. ఇక్కడ నేను చేసిన పని చెబితే మీరు నమ్మరు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే కాబట్టి అదే వాడాను. ఫోన్ పట్టుకుని అబిడ్స్‌లో సెల్‌ఫోన్ షాపుల సందుకు వెళ్లి, అక్కడి కుర్రాళ్లు మాట్లాడే తీరు రికార్డు చేసుకున్నాను. వాక్యం ఎక్కడ లేస్తుంది, ఎక్కడ పడుతుంది, ‘భై’ ఏ స్థాయిలో అంటారు, అన్నీ విడదీశాను. నేను పుట్టి పెరిగిన వీధిలో, ఆడుకున్న సందుకు రెండు మలుపుల దూరంలో నిలబడి, నా భాషకు నమూనా వెతుక్కున్నాను.

మూడో రోజు ఒక కుర్రాడు స్క్రూడ్రైవర్ కింద పెట్టి అడిగాడు. “ఏం సార్, మొన్నటిసంది వస్తున్నరు. కొనరు, బేరం చెయ్యరు, ఊకె నిలబడుతరు. పోలీసా?”

“కాదండీ, ఊరికే చూస్తున్నాను” అన్నాను.

వాడు పక్కవాడి వైపు తిరిగి, “పాపం, కొత్తగ వచ్చినట్టున్నడు ఊరికి” అన్నాడు. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు.

టెస్టు రోజు ఛానల్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నా వయసే ఉంటుంది. అక్క పక్కన, అద్దానికి అవతల కూర్చుంది. సీన్ చిన్నది. అప్పులవాళ్లు దుకాణం అమ్మేయమంటారు, కుర్రాడు అమ్మేది లేదని తండ్రితో అంటాడు: “నేను దుకాణం అమ్మ నాయినా. ఎవలొచ్చి అడిగినా అమ్మ.” అంతే. నేను ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తుపెట్టుకుని, పెదవులు చూసుకుని చెప్పాను. ఒక్క అక్షరం కూడా తెరమీది పెదవుల కదలికను దాటలేదు.

ఛానల్ అమ్మాయి మర్యాదగా, “లిప్ సింక్ చాలా బాగుందండీ. కాని వయసు ఎక్కువ వినిపిస్తోంది” అంది.

రెండోసారి చెప్పాను. ఈసారి ఆమె తలవంచి విన్నది. “ఇప్పుడు యంగ్‌గా ఉంది, కాని... ఎవరో ఈ యాసని ఇమిటేట్ చేస్తున్నట్టుంది. సార్, మీరు ఇక్కడివారేనా?”

అక్క నా బదులు జవాబిచ్చింది. “పోస్టాఫీసు ఎనక ఇల్లు మేడం. గింతకంటె ఇక్కడోడు ఎక్కడ దొరుకుతడు?” తర్వాత మైకులో నాతో, “అరె, నీ లెక్క చెప్పురా. ఎవల లెక్కనో వద్దు. నీ లెక్క” అంది.

మూడోసారి, నాలుగోసారి. నేను నా గొంతు కోసం వెతుకుతుంటే చేతికి మాత్రం సెల్‌ఫోన్ షాపు కుర్రాడు, పూజారి, విలన్ తగులుతున్నారు. అందరికంటే ముందు పెద్దాయన లేచి నిలబడుతున్నారు. ‘నాయినా’ అన్నప్పుడు ఆ చివరి అక్షరం గదిలో కాసేపు నిలబడి, తర్వాత కూర్చుంది.

అక్కకు ఒక ఉపాయం తట్టింది. “మీ అమ్మకు ఫోన్ కొట్టు. స్పీకర్ల పెట్టు. మైకు ముంగట నిలవడి రెండు మాటలు మాట్లాడు. గా మాట్లాడింది పట్టుకొని డైలాగు చెప్పు. గంతే.”

ఫోన్ చేశాను. ముందే, “అమ్మా, స్టూడియోలో ఉన్నాను, అందరూ వింటున్నారు” అన్నాను.

“విననియ్యి, నాకేం భయం?” అంది అమ్మ. “తిన్నవా? టిఫిన్ డబ్బా ఈడనే మర్చిపోయినవ్. మీ నాయిన దుకాణానికి వోతు వోతు జూసి తిట్టిండు.”

“తిన్నానమ్మా. కింద హోటల్లో తిన్నాను. మీరు తిన్నారా?”

అటువైపు గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

“ఏందిరా గట్ల మాట్లాడుతున్నవ్? పానం మంచిగున్నదా?”

“బాగానే ఉందమ్మా.”

“ఏం బాగ? ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడుతున్నవ్ ఈ నడుమ. మొన్న నువ్వు నీళ్లడిగితె మీ నాయిన నన్ను పిలిచి, ‘ఆఫీసర్ సాబ్ వచ్చిండు, కుర్సీ ఎయ్యి’ అన్నడు. నవ్వినం గని, నాకు మంచిగనిపియ్యలే బిడ్డా. నీ అసొంటోడే ఎవలో ఇంట్ల తిరుగుతున్నట్టుంటది.”

అద్దం అవతల ఎవరూ నవ్వలేదు. నేను అమ్మతో మామూలుగా ఒక మాట అందామని నోరు తెరిచాను. ఏ మాట మామూలుదో తెలియలేదు. “పెడుతున్నానమ్మా” అని పెట్టేశాను. అదీ పెద్దాయన తీరులోనే అన్నానని ఫోన్ జేబులో వేసుకున్నాక గమనించాను.

బయట క్రౌడ్ గదిలో తమ్ముడు ఉన్నాడు. చేతిలో ఇంకా హెల్మెట్ ఉంది. అక్క వాణ్ణి లోపలికి పంపింది. మొదటి టేకులో వాడు నవ్వాడు. రెండో టేకులో పెదవుల కంటే ముందే మాట అయిపోయింది. మూడోసారి, ఊపిరి అందక మధ్యలో గట్టిగా పీల్చుకుని, “ఎవలొచ్చి అడిగినా అమ్మ” అని చివర్లు మింగేశాడు. ఛానల్ అమ్మాయి పెన్ను మూసి బ్యాగులో పెట్టుకుంది. అద్దం అవతల నిలబడి చూస్తున్న నాకు, ఇంకెవరూ చెప్పకముందే తెలిసిపోయింది.

సాయంత్రం మెట్లమీద అక్క నా కోసం ఆగింది.

“నా తప్పు గూడ ఉన్నదిరా. మొదటిరోజు నిన్ను నేనే నవ్విన.”

“లేదక్కా, మీరు సరదాకి...”

“మీరు, సరదాకి!” అని నా మాటే తిరిగి అంది. కోపం కాదు. “జూడు, నేను ఇరవై ఏండ్లసంది గా లోపట రాణిగార్లకు చెప్తున్న. లోపటికి పోంగ చెప్పులు ఇడుస్త, బయటికి రాంగ తొడుక్కుంట. నువ్వు ఇడిసినవు గని, తొడుక్కునుడు మరిచినవ్.”

ఆమె మైకు ముందు ఒకలా, బయట ఒకలా మాట్లాడటం నేను రోజూ చూసేవాణ్ణి. అందులో నేర్చుకోవాల్సింది ఏమైనా ఉందని ఒక్కసారి కూడా అనిపించలేదు. నేను మైకు ముందు వినిపించేదాన్నే విడదీశాను. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాక ఆమె చేసే పనిని ఏ పరికరంతోనూ కొలవలేదు.

పెద్దాయనకు సంగతి తెలిసింది. మర్నాడు తాతగారి సీన్లో ఆయనకు దగ్గు వచ్చింది. అలవాటు ప్రకారం నేను లేచి నిలబడ్డాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, “కూర్చో అయ్యా” అన్నారు. నీళ్లు తాగి మళ్లీ చెప్పారు, మళ్లీ దగ్గు వచ్చింది, మళ్లీ చెప్పారు. ఆ ఒక్క వాక్యానికి మధ్యాహ్నం దాకా పట్టింది. అక్క, రికార్డింగ్ ఇంజినీరు, అందరూ విసుక్కున్నారు. ఆయన వినలేదు. ఆ రోజు నుంచి ఆయన డైలాగుకి నన్ను ఎప్పుడూ ప్యాచ్ వేయనివ్వలేదు.

అప్పుడు నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఉన్న ఒక్క పనీ లాక్కున్నారనుకున్నాను. ఆయన నన్ను కాపాడాలనుకున్నారని ఇప్పుడు అనుకుంటున్నాను. కాపాడే వేళ దాటిపోయిందని బహుశా ఇద్దరికీ తెలుసు. ఆయన కిందటేడు పని మానేశారు. చాయ్‌కి పిలుస్తుంటారు. వెళ్తాను. నేను తక్కువ మాట్లాడతాను, ఆయనా నన్ను ఎక్కువ మాట్లాడించరు.

ప్యాచ్‌లు తగ్గాయి. పాలిటెక్నిక్ చదువు ఉంది కాబట్టి ఎడిటింగ్ కుర్చీ ఇచ్చారు. ఇంట్లో నా మాట మెల్లగా తిరిగి వచ్చింది. అమ్మ ఒకరోజు నేను పెరుగు లేదని అరిస్తే, “ఇగో, ఇప్పుడొచ్చిండు మావోడు” అంది. కాని మైకు ముందు ఎర్రలైటు వెలిగితే అది రాదు. అప్పుడప్పుడు స్టూడియో ఖాళీగా ఉన్నప్పుడు లోపలికి వెళ్లి ప్రయత్నిస్తాను. లైటు వెలగ్గానే శాలువా మడిచి కుర్చీ మీద పెట్టే మనిషే వస్తాడు. గొంతు పోలేదు, దాన్ని పిలిచే పేరు మర్చిపోయాను. మీలో ఎవరైనా మంచి మిమిక్రీతో ఈ పనికి వస్తే, ముందుగా మెచ్చుకోలు మీకే దొరుకుతుంది. దాన్ని చూసి నేనైతే భయపడతాను.

సీరియల్ ఇంకా నడుస్తోంది. సెల్‌ఫోన్ కుర్రాడి గొంతును వీధిలో గుర్తుపడుతున్నారని తమ్ముడు చెబుతాడు. వాడి ట్రాక్ శుభ్రం చేయడం నా పని. ఊపిరి చప్పుళ్లు, నాలుక తడి చప్పుళ్లు, మింగిన చివర్లు, అన్నీ తెరమీద గీతలై కనిపిస్తాయి. ఏది ఎక్కడ కోయాలో నా చేతికి తెలుసు. మొన్న వాడు నా కుర్చీ వెనక నిలబడి విన్నాడు. ఇప్పుడు వాడు పేరున్నవాడు, తన పని మీద శ్రద్ధ పెరిగింది.

“అన్నా, ఈడ చూడు” అన్నాడు తెర మీద వేలు పెట్టి. “ఊపిరి ఎంత గలీజుగ వినిపిస్తున్నదో. పెద్దాయన డైలాగులల్ల ఒక్కటన్న ఉంటదా గిట్ల? తీసెయ్యరాదే. నేను గూడ జర నీట్‌గ నేర్చుకోవాలె. నువ్వు నేర్పియ్యి.”

“తీసేస్త, నువ్వు పో. చాయ్ తాగి రా” అన్నాను.

వాడు కిందకు దిగాక ఆ చోటు మరొకసారి విన్నాను. దాన్ని అలాగే ఉంచి, ఫైల్ సేవ్ చేసి ఛానల్‌కి పంపేశాను. వాడు చాయ్ తాగి వచ్చి, “తీసినవా అన్నా?” అని అడిగితే, తీసిన అన్నాను.